కాపుకన్నుకి కనబడని వీపు

ఏప్రిల్ 4

సరుగుడుదిబ్బ తుపాకుల మైదానం. గీత కాపరి బైరి దమయంతి. బాధ్యత తీసుకున్నది ఈ రోజే.

ఈ పుస్తకం చేత్తోనే రాయాలని శాఖ నియమం. ఏ యంత్రమూ తనంతట తాను దిద్దకూడదనట. నాకు ముందు పనిచేసినాయన ఏడేళ్ళలో నాలుగు పేజీలు రాశారు. నాలుగింటిలోనూ "విశేషాలు లేవు" అనే ఉంది. నాకు మాత్రం మొదటిరోజే ఒక పేజీ చాలేలా లేదు.

పొద్దున్నే గేటు తీసి ఎర్రజెండా ఎగరేశాను. మైదానం ఈ చివర నిలబడి పేల్చే గీత, ఆ చివర ఇసకదిబ్బ. పేల్చినవన్నీ దిబ్బలోకే పోవాలి. దిబ్బ అవతల సముద్రం. మా అమ్మ చిన్నతనంలో అక్కడొక ఊరు ఉండేదట, ఊరు దాటి మైలు నడిస్తే గానీ నీళ్ళు తగిలేవి కావట. ఇప్పుడు పోటు వేళ దిబ్బ వెనకే అలల చప్పుడు వినిపిస్తోంది.

టార్గెట్ల పని చూసే లోకనాధం అన్న, నేను కలిసి ఇసక జల్లెడ పట్టి సీసపు గుళ్ళు ఏరాం. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. మైదానం పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాడు. తర్వాత స్టాండులో ఉన్న పన్నెండు తుపాకుల కాపుకళ్ళు తుడిచాను. గొట్టం కింద చింతగింజంత అద్దం, దాని పక్కన చిన్న దీపం. ఎదర మనిషి ఉన్నాడని ఆ కన్ను గుర్తిస్తే 'టిక్' మంటుంది, పచ్చగా ఉన్న దీపం ఎర్రబడుతుంది, ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. తుడుస్తుంటే ప్రతి తుపాకీ నా మొహం చూసి టిక్ మంది.

ఎనిమిదింటికి జీడితోటల వాళ్ళు వచ్చారు. ఉద్దానంలో ప్రతి ఇంటి నుంచీ ఒకరు నెలకోసారి ఇక్కడ గురి చూపించి వెళ్ళాలి. జోరీగల కోసమే ఇదంతా. ఒకప్పుడు జీడిచెట్లకి మందు కొట్టడానికి తెచ్చిన ఎగిరే యంత్రాలవి. వాటి యజమానులు వాటిని వదిలేశారు గానీ అవి మమ్మల్ని వదల్లేదు. ఇంటి కప్పుల మీది సౌర పలకలు పీకి, బ్యాటరీలు ఎత్తుకుపోయి, వాటితోనే బతుకుతున్నాయి.

వచ్చినవాళ్ళలో గున్న ఢిల్లేశ్వరరావు పెద్దరైతు. అందరూ లేచి దారి ఇచ్చారు. ఆయన తుపాకి అందుకుని తిన్నగా లోకనాధం అన్న దగ్గరికి వెళ్ళి, గొట్టం మూతి ఆయన గుండెకి ఆనించి నొక్కాడు. టిక్.

"ఏటి బావా, ఇంకా బతికే ఉన్నావేటి?"

"నువ్వు సంపితే కదా నేను సచ్చేది" అని లోకనాధం అన్న నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఇక్కడ ఇది పలకరింపట. ఒకరినొకరు టిక్ అనిపించుకోవడం.

"తుపాకి కిందికి దించండి" అన్నాను.

ఢిల్లేశ్వరరావు వెనక్కి తిరిగాడు, తుపాకితో సహా. ఆ తిరగడంలో గొట్టం ఆరుగురి మీదుగా తిరిగి నా మీద ఆగింది. టిక్, టిక్, టిక్.

"ఓలమ్మ, కొత్త మేడమ్మకి బయమేసినాదర్రా! ఎర్రదీపం సూసినావు కాదేటమ్మా? ఇది మనిసిని కొట్టదు. సొంత పెళ్ళాం నొక్కినా కొట్టదు."

నేను కాపుకన్ను రాకముందు ఓడరేవులో పద్దెనిమిదేళ్ళు తుపాకి పట్టుకుని కాపలా కాశాను. ఖాళీ తుపాకి అనేది లేదనుకోవాలి, మనిషి వైపు మూతి తిప్పకూడదు, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి, గీత ముందు మనిషి ఉంటే ఎవరి చేతిలోనూ తుపాకి ఉండకూడదు. మాకు ఇవి మర్యాదలు కూడా. ఎదుటివాడి మీదికి మూతి తిప్పితే తిట్టినట్టే లెక్క. ఇక్కడ అదే నమస్కారం అయిపోయింది. మర్యాద ఎలా తలకిందులైందో చూడాలని ఉంది. కోపం కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది నాకు.

ఏప్రిల్ 9

ఒక చిన్న విషయం. చిన్నదో కాదో తెలియదు.

లోకనాధం అన్న గురి కాగితాలు మార్చడానికి గీత దాటి దిగినప్పుడల్లా స్టాండులోని పన్నెండు దీపాలూ ఒక్కసారి ఎర్రబడతాయి. తుపాకుల మూతులు దిబ్బ వైపే ఉంటాయి కదా. గుమ్మానికి కట్టిన బంతిపూల వరసలా ఉంటుంది ఆ ఎరుపు. ఈ నాలుగు రోజులూ అది చూడ్డం నాకు అలవాటైంది.

ఈ రోజు పదకొండున్నరకి ఎండ సైరన్ మోగింది. ఆయన చలువ కండువా తలమీదుగా కప్పుకుని దిగాడు. ఈ వేసవిలో సహకార సంఘం ఇంటింటికీ పంచిన వెండిరంగు గుడ్డ అది. దాన్ని తడిపి కప్పుకుంటే లోపల ఒళ్ళు చల్లగా ఉంటుంది, రోజంతా ఆరదు. నేను మంచినీళ్ళ కుండ నింపుతూ యథాలాపంగా స్టాండు వైపు చూశాను.

దీపాలు పచ్చగా ఉన్నాయి. పన్నెండూ.

ఆయన నలభై అడుగుల అవతల, కాగితాలు అతికించే చెక్కబల్ల దగ్గర వంగి జిగురు రాస్తున్నాడు. నేను కుండ కింద పెట్టి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. పచ్చే. ఆయన పని ముగించి ఇటు తిరగ్గానే టిక్ మని అన్నీ ఎర్రబడ్డాయి.

పోయేటప్పుడు పచ్చ. వచ్చేటప్పుడు ఎరుపు. అద్దాల మీద ఉప్పుగాలి పేరుకుందేమో అనుకున్నాను. తుడిచాను. శుభ్రంగానే ఉన్నాయి.

ఏప్రిల్ 12

సెలవురోజు. పరీక్ష చేసి చూద్దామని లోకనాధం అన్నని అడిగాను. ఆయన సంబరంగా వచ్చాడు.

ముందుగా పన్నెండు తుపాకుల బోల్టులూ ఊడదీసి, ఒక్కొక్క తుపాకిలోంచీ ఆయనకి వెలుతురు చూపించాను. బోల్టు లేనిదే తుపాకి పేలదు, వట్టి కర్ర. బోల్టులన్నీ తాటాకు బుట్టలో వేసి బుట్ట నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. నేను బల్ల దగ్గర నిలబడ్డాను. ఆయన స్టాండు పక్కన నిలబడి దీపం రంగు అరిచి చెప్పాలి.

గొడుగు వేసుకున్నాను. "ఎరుపూ!" తడి గోనె కప్పుకున్నాను. "ఎరుపే!" తాటాకు టోపీ పెట్టుకుని కూర్చున్నాను. "ఎరుపమ్మా!" చలువ కండువా భుజాలకి కప్పుకుని ఆయన వైపు చూశాను. "ఎరుపు!" తలమీద కప్పుకుని ఆయన వైపే చూశాను. కొంచెం ఆగి, "ఎరుపు... ఆలీసంగా వచ్చినాది!" అన్నాడు.

అప్పుడు అదే కండువాతో వెనక్కి తిరిగి, కింది కాగితం అతికించేవాడిలా వంగాను. ఏమీ వినిపించలేదు. అలల చప్పుడు తప్ప.

"అన్నా?"

"పచ్చ."

ఈసారి అరవలేదు. మామూలుగానే అన్నాడు. అయినా నాకు వినిపించింది. పన్నెండు తుపాకులకి నేను ఇసక, చెక్క, ఎండ. మనిషిని మాత్రం కాదు.

స్టాండులో కదలకుండా ఉంటే ఇలా, చేతిలో కదులుతుంటే ఎలా చూస్తుందో కూడా తెలుసుకోవాలి. ఒక తుపాకి ఎత్తి నా వైపు మెల్లగా తిప్పమన్నాను. లోపల బోల్టు లేదని ఆయన కళ్ళారా చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు గానీ ఎత్తలేకపోయాడు. రెండుసార్లు ప్రయత్నించి కింద పెట్టేశాడు.

"రోజూ నీ గుండె మీదే నొక్కించుకుంటున్నావు కదన్నా?"

"అది యేరమ్మా. అప్పుడు ఎరుపని తెలుసు కదా."

చివరికి తుపాకిని తిరిగే ముక్కాలిపీటకి కట్టి, తాడుతో లాగి తిప్పాం. పచ్చే.

ఏప్రిల్ 15

శాఖకీ, కాపుకన్ను తయారుచేసే వాళ్ళకీ పరీక్ష వివరాలన్నీ ఉత్తరంలో రాశాను. గీత దగ్గర బోర్డు పెట్టాను: "చలువ కండువా కప్పుకుని గీత దాటరాదు."

వచ్చినవాళ్ళందరికీ నోటితో కూడా చెప్పాను. కొందరు ఆశ్చర్యపోయారు. ఒకామె తన కండువా తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఢిల్లేశ్వరరావు బోర్డు చదివి, "ఏడేళ్ళ బట్టి ఏటీ అవనేదు. మేడమ్మ వొచ్చి పది రోజులయ్యింది, తుపాకులకి సత్వారం వొచ్చీసినాది" అన్నాడు. చత్వారం అనే మాటకి అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఏప్రిల్ 19

నా బోర్డు నాలుగు రోజులు నిలిచింది. ఈ రోజు నలభై ఎనిమిది డిగ్రీలు. కండువా లేకుండా దిగిన లోకనాధం అన్న రెండో బల్ల దగ్గర తూలి కూలబడ్డాడు. నేనూ ఇంకొకామె కలిసి నీడలోకి మోసుకొచ్చి మజ్జిగ పట్టాం. తేరుకున్నాక సిగ్గుపడుతూ నవ్వాడు.

ఎండకి చంపడానికి నేను ఇక్కడ లేను. బోర్డు తీసేశాను. దాని బదులు గీతకి ఆరడుగుల వెనక పసుపు తాడు కట్టించాను. టార్గెట్ల దగ్గర మనిషి ఉన్నంతసేపూ తుపాకులు ఖాళీ చేసి స్టాండులో పెట్టి, అందరూ తాడు వెనక్కి రావాలి. నేను "గీత ఖాళీ" అని కేకేసేదాకా ఎవరూ తుపాకి ముట్టకూడదు. టిక్ పలకరింపు మాత్రం పూర్తిగా నిషేధం.

ఆడవాళ్ళు తొందరగానే అలవాటు పడ్డారు. మగవాళ్ళు తాడు వెనక్కి వస్తున్నారు గానీ, నీళ్ళ కుళాయి దగ్గర వరసలో నిలబెట్టిన పిల్లల్లా మొహాలు పెడుతున్నారు. ఢిల్లేశ్వరరావు తాడుకి ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసి నిలబడతాడు.

ఆయన తుపాకి ఖాళీ చేశాడో లేదో చూద్దామని చెయ్యి చాస్తే, "నా తుపాకి నాకు తెల్దేటమ్మా?" అన్నాడు. పదిమందిలో పెద్దమనిషి. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఏప్రిల్ 26

కాపుకన్ను వాళ్ళ దగ్గర్నుంచి మృదుల అనే ఇంజినీరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. విజయవాడ వైపు మాట. వచ్చీ రాగానే, "ఈ మోడల్‌కి అన్ని పరీక్షలూ అయ్యాయండీ, ఇలా జరగడానికి వీల్లేదు" అంది. నేను వాదించలేదు. బోల్టులు తీసిచ్చి, కండువా కప్పుకుని, వెళ్ళి వంగాను.

తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, ఒళ్ళో కంప్యూటర్ పలక పెట్టుకుని. మొహంలో భయం, దాని వెనకే ఆసక్తి. నాకు తెలిసిన చూపే. పన్నెండో తారీఖున నేనూ అలాగే ఉండి ఉంటాను.

"దీనికి మనిషి అంటే ఏమిటో ఎలా తెలుసు?" అని అడిగాను. చాన్నాళ్ళుగా అడగాలనుకుంటున్న ప్రశ్న.

"దానికి మనిషి తెలీదండీ. ఇలాంటి ఆకారం, ఇలాంటి వేడి కనిపిస్తే ఆగమని నేర్పాం. లక్షల ఫొటోలు చూపించాం. నిలబడ్డవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, పడుకున్నవాళ్ళు. అప్పటికి ఈ కండువాలు లేవు. ఇది వేడిని దాచేస్తుంది, వంగితే ఆకారమూ పోతుంది. మొహం కనిపిస్తే మాత్రం ఆపుతుంది."

"మళ్ళీ నేర్పలేరా?"

"నేర్పొచ్చు. ఈ కండువా కప్పుకుని వంగినవాళ్ళ ఫొటోలు కొన్ని వేలు కావాలి. మూడు నెలలైనా పడుతుంది."

"అంతదాకా?"

"పైవాళ్ళకి రిపోర్టు ఇస్తాను. వాళ్ళు ఒప్పుకునేదాకా నేను కాగితం మీద ఏమీ ఇవ్వలేనండీ. నోటిమాటగా అయితే, మీరు చెప్పేది నిజం."

వెళ్ళేముందు తనంతట తనే కండువా కప్పుకుని బల్ల దగ్గరికి వెళ్ళి వంగింది. నేను "పచ్చ" అన్నాను. లేచి వచ్చి, "ఇది ఫొటోల్లో మొదటిది" అంటూ పలక చూపించింది. మంచిపిల్ల.

మైదానం మూసెయ్యమంటారా అని సాయంత్రం శాఖకి ఫోన్ చేశాను. జీడిపంట చేతికొచ్చే రోజులు, జోరీగలు ఎక్కువయ్యే రోజులు, కాగితం లేకుండా ఎలా మూస్తారు అన్నారు. నిజానికి ప్రమాదం ఉందనుకుంటే మైదానం మూసే అధికారం గీత కాపరికి ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి వాళ్ళూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మే 3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గీత దగ్గర తొమ్మిదిమంది. పదకొండు ముప్పావుకి మొదటి విడత అయింది. తుపాకులు స్టాండులో పెట్టించి, అందరినీ తాడు వెనక్కి పంపాను. ఎనిమిది తుపాకులు నేనే తెరిచి చూశాను. తొమ్మిదోది ఢిల్లేశ్వరరావుది. ఆయన "కాళీయేనమ్మా" అన్నాడు. నేను తెరిచి చూడలేదు.

లోకనాధం అన్న కండువా కప్పుకుని, కాగితాల చుట్టతో దిగాడు.

సరుగుడు తోట మీదుగా జోరీగ వచ్చింది. ఇంత దగ్గరగా ఎగురుతున్నదాన్ని నేనెప్పుడూ చూడలేదు. చేటంత ఉంది. రెక్కల్లో ఒకటి వేరే యంత్రానిది, రంగు కలవలేదు. పొట్ట కింద ఎవరింటి పలకవో తీగలు వేలాడుతున్నాయి. అది మా ఆఫీసు కప్పు మీద పలకల్ని వాసన చూస్తున్నట్టు చుట్టూ తిరిగింది. అందరం నోరు తెరుచుకుని చూస్తున్నాం. ఆ రెక్క ఎలా అతికించుకుందా అని నేనూ చూస్తున్నాను. నా కళ్ళు ఉండాల్సింది గీత మీద. అవి ఆకాశంలో ఉన్నాయి.

తాడు కదిలిన చప్పుడుకి తల దించాను. ఢిల్లేశ్వరరావు అప్పటికే తుపాకి భుజానికి ఎత్తాడు. జోరీగ కప్పు వదిలి దిబ్బ వైపు వాలుగా దిగుతోంది. గొట్టం దాని వెంటే కిందికి దిగుతోంది. ఆకాశం, సరుగుడు కొమ్మలు, దిబ్బ శిఖరం, బల్ల.

దీపం పచ్చగా ఉంది.

"ఆగండి!" అని అరిచాను. ఆయన చెవులకి చప్పుడు ఆపే దొప్పలు ఉన్నాయి. రెండడుగులు వేశాను. మూడోది వెయ్యకముందే పేలింది.

జోరీగ దిబ్బ దాటి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. బల్ల దగ్గర వెండిరంగు కండువా మెల్లగా కిందికి కుంగింది.

నేను పరిగెత్తాను. లోకనాధం అన్న ఇసకలో కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో జిగురు డబ్బా అలాగే ఉంది.

"ఏదో కుట్టినాదే అమ్మా. బుజం మీద. కందిరీగేటి?"

మూడు గుళ్ళు. కండువా తడిగా, మందంగా ఉండబట్టి లోతుగా దిగలేదు. మిగతావన్నీ ఆయన వీపుకి జానెడు పైన, బల్లలో. అన్నిటికంటే కింది కాగితం కోసం ఆయన నడుం విరిచి వంగి ఉన్నాడు. వంగబట్టే తుపాకి ఆయన్ని చూడలేదు. వంగబట్టే బతికాడు.

కండువా చింపి కట్టు కట్టాను. నలుగురు కలిసి ఆయన్ని బండి ఎక్కించారు. వెనక్కి వచ్చేసరికి ఢిల్లేశ్వరరావు గీత మీదే నిలబడి ఉన్నాడు. చేతిలో తుపాకి నేలకి దించి ఉంది. ఆయన కళ్ళు ఆ చిన్న దీపం మీదే ఉన్నాయి.

"పచ్చగానే ఉన్నాదమ్మా. సూడు. ఇప్పుడు కూడా పచ్చగానే ఉన్నాది."

నేను ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తుపాకి తీసుకున్నాను. ఎర్రజెండా దించి, గేటుకి తాళం వేశాను. వారం కిందట వెయ్యాల్సిన తాళం.

మే 4

విచారణకి ఇద్దరు అధికారులు వచ్చారు. పొద్దున్నే మృదుల పంపిన కాగితం కూడా వచ్చింది. చలువ కండువా కప్పుకుని వెనుదిరిగి వంగిన మనిషిని ఈ మోడల్ గుర్తించలేదని, జిల్లాలోని అన్ని మైదానాలకీ హెచ్చరిక. నిన్న వచ్చి ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచించాను. నిన్న వచ్చినా నేను తొమ్మిదో తుపాకి తెరిచి చూసేదాన్ని కానేమో.

"అయితే పరికరం లోపమే కదా. అలాగే రాసేద్దాం" అన్నాడు ఒక అధికారి. ఢిల్లేశ్వరరావు మీద కేసు రాదని చెప్పడానికి వాళ్ళకి తొందరగా ఉంది.

"పరికరానిది ఒకటి రాయండి. దాని కింద నావి మూడు రాయండి" అన్నాను. మూసే అధికారం ఉండి మూయలేదు. తుపాకి చూడకుండా మాట నమ్మాను. గీత వదిలి ఆకాశం చూశాను. ఆయన కలం ఆపి నా వైపు చూశాడు, తర్వాత రాశాడు. నాకు హెచ్చరిక ఇచ్చారు. ఢిల్లేశ్వరరావు లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. లోకనాధం అన్న మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. గుళ్ళు మూడూ తీసి గాజుసీసాలో వేసి ఇచ్చారు. అప్పుడే ఢిల్లేశ్వరరావు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"బావా, పచ్చదీపం ఉన్నాదిరా. కాగితం కూడా వొచ్చింది. తప్పు దానిదేనట" అన్నాడు. ఎవరో అప్పజెప్పమన్న పాఠంలా ఉంది ఆ మాట.

లోకనాధం అన్న ప్లేటు పక్కన పెట్టాడు.

"రా, కూకో. ఒక మాట అడుగుతాను. దీపం సూసి నొక్కినావా, నన్ను సూసి నొక్కినావా?"

"నువ్వు అక్కడున్నావనేది నాకు..." ఢిల్లేశ్వరరావు ఆగిపోయాడు. "నువ్వు దిగినావని తెలుసురా. తెలిసే మరిసిపోనాను. దీపం ఉన్నాది కదా అని."

"ఏడేళ్ళు నా గుండె మీద తుపాకెట్టి టిక్ మనిపించినావు. అందరూ నవ్వితే నానూ నవ్వినాను బావా. ఒక్కసారి కూడా నవ్వు రానేదు నాకు."

ఢిల్లేశ్వరరావు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత, "మరి సెప్పలేదేటిరా?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"పెద్దరైతువి. ఏటని సెప్తాను?"

నాకు అక్కడ ఉండకూడదనిపించింది. లేవబోతే లోకనాధం అన్నే ఆపాడు. "అమ్మా, రాత్రంతా ఆలోసించినాను. మొన్న బోల్టులు బుట్టలో ఏసినావు కదా. ఆ బుట్ట గీత దగ్గరుంటే ఎవుడో ఒకడు బిగించీస్తాడు. దిగేవోడి సేతికే ఇచ్చీ. ఆడు తిరిగొచ్చేదాకా ఏ తుపాకీ తుపాకి కాదు."

పద్దెనిమిదేళ్ళ ఓడరేవు కాపలాలో నాకు తట్టని ఆలోచన. ఇంటికొచ్చి దాన్ని ఉన్నదున్నట్టు రాసి శాఖకి పంపాను. ఆలోచన ఎవరిదో ఆయన పేరుతో సహా రాశాను.

మే 11

మైదానం తెరిచాను. పధ్నాలుగు మంది వచ్చారు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా ఇద్దరు వచ్చారు, చూడ్డానికి.

టిక్ పలకరింపు ఎవరూ చెయ్యలేదు. అలవాటు కొద్దీ ఒకాయన తుపాకి సగం ఎత్తి, ఎదుటివాడి మొహం చూసి దించేశాడు. ఎదుటివాడు చేతులు జోడించాడు. ఈయనా జోడించాడు. ఇద్దరూ కాస్త ఇబ్బందిపడ్డారు, ఏళ్ళ తర్వాత కలిసిన వియ్యంకుల్లా.

లోకనాధం అన్న భుజం మానడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది. కాగితాలు నేనే మారుద్దామనుకున్నాను. గీత కాపరి దిగితే గీత ఎవరు చూస్తారు? అది ఆలోచిస్తుండగా ఢిల్లేశ్వరరావు వచ్చాడు. తుపాకి లేదు. తెల్ల పంచె, చేతిలో జిగురు డబ్బా.

"బావ వొచ్చేదాకా ఈ పని నేను సేస్తాను సెల్లీ" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు వినడం నాకిదే మొదటిసారి.

"ఎండ చాలా ఉందన్నా."

"ఆడికీ ఉన్నాది కదా."

పదకొండున్నరకి సైరన్ మోగింది. అందరూ తుపాకులు తెరిచి బోల్టులు తీశారు. నేను ప్రతి తుపాకిలోంచీ దిబ్బ వైపు వెలుతురు చూశాను. ఈసారి ఎవరి మాటా తీసుకోలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. బోల్టులన్నీ బుట్టలో వేసి ఢిల్లేశ్వరరావుకి ఇచ్చాను. బరువుగా ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాడు. జిగురు డబ్బా ఎలా పట్టుకోవాలో తెలియక తికమకపడితే ఒకామె ముందుకొచ్చి బుట్టలో పెట్టింది. ఇంకొకాయన చలువ కండువా తడిపి తెచ్చి ఆయన తలమీదుగా కప్పి, అంచు సర్దాడు.

పధ్నాలుగు మందీ తాడు వెనక్కి వెళ్ళారు. నేను చెప్పకుండానే చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆయన గీత దాటాడు. ఏడేళ్ళలో మొదటిసారి ఆ వైపుకి నడుస్తున్నాడనుకుంటాను. మొదటి పది అడుగులు మామూలుగానే వేశాడు. తర్వాత నడక నెమ్మదించింది. కండువా కింద భుజాలు కొంచెం పైకి లేచాయి, వెనక నుంచి ఏదో తగలబోతున్నట్టు. సగం దూరంలో ఆగిపోయాడు. బుట్ట గుండెకి హత్తుకుని వెనక్కి తిరిగి చూశాడు.

మేమెవరమూ కదల్లేదు.

ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. తర్వాత మళ్ళీ అటు తిరిగి, బల్ల దగ్గరికి వెళ్ళి, బుట్ట కింద పెట్టి, కింది కాగితం అతికించడానికి వంగాడు.